మిర్చికాలంలో చెప్పే పాఠం

2018 జూన్, బడులు తెరిచిన వారం. జూలూరుపాడు దాటి అడవి వైపు పోయే రోడ్డు మీద ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను గణితం టీచర్‌ని. ఉద్యోగంలో చేరి చాలా ఏళ్లయింది కానీ ఆ బడికి బదిలీ మీద కొత్తగా వచ్చాను. పిల్లల్లో సగం మంది ఊరివాళ్లు, మిగతా సగం లోపలి గూడేల నుంచి నడిచో, సైకిళ్ల మీదో వచ్చే కోయ పిల్లలు. ఆ ఏడాది పదో తరగతిలో సారక్క అనే అమ్మాయి ఉండేది. ఆ పిల్ల సంగతి చెప్పబోతే నాకు ఇప్పటికీ కోపం ముందొస్తుంది, మాట తర్వాత వస్తుంది.

మా బడుల్లో పదో తరగతి అంటే చదువు కాదు, జాతర. ‘హండ్రెడ్ పర్సెంట్’ అనే దేవుడికి జూన్ నుంచే మొక్కులు మొదలవుతాయి. మొదటి వారంలోనే ‘బేస్‌లైన్ టెస్ట్’ పెడతాం. పిల్లలకు ఇప్పటిదాకా ఏమొచ్చో, ఏం రాదో తెలుసుకోవడానికి పెట్టే పరీక్ష అది. పేరుకు అంతే. జరిగేది మాత్రం వేరు. మార్కులు చూసి ఎ, బి, సి అని మూడు బ్యాచ్‌లు చేస్తాం. ఎ బ్యాచ్‌కు ఫ్యాను కింద గది. సి బ్యాచ్‌కు వరండా, నీళ్ల ట్యాంకు పక్కన. వాళ్లకు ‘స్లో లర్నర్స్’ అని పేరు, అంటే మెల్లగా నేర్చుకునేవాళ్లని. ఆ పేరు ఒకసారి అతుక్కుంటే ఇక సబ్బుతో కడిగినా పోదు. ఆ ఏడాది సి బ్యాచ్‌లో దాదాపు అందరూ గూడెం పిల్లలే. ఇదేంటని అడిగినవాళ్లు లేరు. అది మామూలే అన్నట్టు స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతున్నాం.

ఒకరోజు హెచ్.ఎం. సారు సారక్కనూ, వాళ్లమ్మ ముత్తమ్మనూ ఆఫీసు గదికి పిలిపించారు. నన్నూ రమ్మన్నారు.

“చూడమ్మా, మీ పాపకు లెక్కలు ఎక్కట్లేదు. తప్పితే నీకూ బాధ, బడికీ చెడ్డపేరు. ఓపెన్ స్కూల్‌లో కట్టించు. ఇంటికాడ ఉండి చదువుకుని మెల్లగా రాసుకుంటది” అన్నారాయన.

ఓపెన్ స్కూల్ చెడ్డదేమీ కాదు. ఎప్పుడో చదువు ఆగిపోయినవాళ్లు మళ్లీ పరీక్ష రాయడానికి పెట్టినది. కానీ బడిలో కూర్చున్న పిల్లను లేపి అక్కడికి తోలితే ఏమవుతుందో ఆ గదిలో అందరికీ తెలుసు. ఆ పిల్ల మళ్లీ పుస్తకం ముట్టదు. తిన్నగా ముఠాతో పోతుంది. కూలికి కలిసి పోయే గుంపును మా దగ్గర ముఠా అంటారు.

ముత్తమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. “మీరు సదువుకున్నోళ్లు సార్. దానికి బుర్ర లేదంటే లేదనే గదా. మాకేం తెలుస్తది” అంది.

సారక్క తలుపు దగ్గర నిలబడి గడప వైపే చూస్తోంది. కన్నతల్లి నోటితో ‘బుర్ర లేదు’ అనిపించాం. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“బుర్ర లేదని ఎవరన్నారు సార్?” అన్నాను.

“నేననలేదు మేడమ్. బేస్‌లైన్ అన్నది.”

“బేస్‌లైన్‌కు నోరు లేదు సార్. అన్నది మనమే. సి బ్యాచ్‌ను నాకివ్వండి. దసరా పరీక్షల దాకా ఆగండి.”

ఆయన చెడ్డవాడు కాదు. పైనుంచి వచ్చే ఫోన్లకు భయపడే మనిషి. “సరే. దసరా పరీక్షలో పాసయితే ఉంచుదాం. కాకపోతే మాత్రం మీరే ఆ తల్లికి చెప్పాలె. నేను చెప్పను” అన్నారు.

ఆ తర్వాతి వారమే మాకు పాల్వంచలో మూడు రోజుల ట్రైనింగ్. అంశం: ‘ఎంగేజ్‌మెంట్’, అంటే పిల్లలు పాఠంలో లీనమై నేర్చుకోవడం. ‘మాస్టరీ లెర్నింగ్’ అని స్లైడు వేశారు. ఒక మెట్టు గట్టిపడ్డాకే పిల్లను రెండో మెట్టు ఎక్కించాలి, వెనకబడిన పిల్లకు ఇంకొంచెం టైమూ ఇంకో దారీ ఇవ్వాలి, అంతే తప్ప వదిలి ముందుకు పోకూడదు అని దాని సారం. ‘స్కాఫోల్డింగ్’ అని మరో స్లైడు. ఇల్లు కట్టేటప్పుడు గోడకు పరంజా వేస్తాం కదా, అలాంటి సాయం. గోడ నిలబడగానే తీసేయాలి. ఎంత మంచి మాటలు! కానీ ‘నేర్చేదాకా ముందుకు పోవద్దు’ అన్న స్లైడు మీద కూడా ఆ చెప్పేవాళ్లు నిలవలేదు. మాకు అర్థమైందో లేదో అడగకుండానే తర్వాతి స్లైడుకు దూకారు. పిల్లల చేత మాట్లాడించండి అని మూడు రోజులూ మాకు నోరెత్తే సందివ్వకుండా చెప్పారు. పక్కన కూర్చున్న సోషల్ టీచర్ నా చెవిలో “చెప్పేవి శ్రీరంగనీతులు” అంది. నవ్వొచ్చింది. కానీ ఆ సిద్ధాంతంలో తప్పు లేదు. అది నన్ను వదల్లేదు.

తిరిగొచ్చి సి బ్యాచ్‌తో వరండాలో కూర్చున్నాను. గట్టిపడని మెట్టు ఏదో ముందు తెలియాలి కదా. మార్కులు పక్కన పెట్టి, ఒక్కో రకం లెక్క ఇచ్చి పక్కన కూర్చుని చూశాను. సారక్క బీజగణితం చేసింది. సమీకరణం ఇస్తే కొంచెం తడబడి అయినా దారిలో పడింది. మిగతావాళ్లూ అంతే. తర్వాత ఒక దీర్ఘచతురస్రం గీసి వైశాల్యం అడిగాను. ఆరో తరగతి లెక్క. ఒక్కరి పెన్నూ కదల్లేదు. వరుస మొత్తం ఒకేచోట ఆగిపోయింది.

“ఇంత కష్టమైన సమీకరణం చేసినవ్, ఇది రాదా?” అన్నాను సారక్కతో.

“గిది మాకు చెప్పలే మేడం.”

“చెప్పకపోవడమేంది? ఆరులో ఉంది, ఏడులో ఉంది, ఎనిమిదిలో ఉంది.”

“చెప్పిండ్రేమో. గది మిర్చికాలంల కదా చెప్తరు. గప్పుడు నేనుండ.”

“ఏడులో?”

“గప్పుడు గూడ మిర్చికే పోయినం.”

“నువ్వు?” అని పక్క పిల్లను అడిగాను. “అవ్ మేడం, మేమందరం పోతం” అంది.

ఖమ్మం జిల్లాలో జనవరి నుంచి మిరపచేలు ఎర్రబడతాయి. గూడేలకు గూడేలు తాళాలేసుకుని ముఠాలుగా కదిలి, చేల దగ్గరే గుడారాలు వేసుకుని, కాయ ఏరడం అయ్యేదాకా ఉంటాయి. ఇటు మా యాన్యువల్ ప్లాన్, అంటే ఏ నెలలో ఏ పాఠం చెప్పాలో రాసి గోడకు తగిలించే పట్టిక, వైశాల్యాన్నీ ఘనపరిమాణాన్నీ ప్రతి తరగతిలోనూ పుస్తకం చివర్లో, జనవరిలో పెడుతుంది. ఏటా అదే నెల, అదే పాఠం, ఆ పిల్లలే ఉండరు. ఆరులో పడిన కంత మీద ఏడులో కంత, దాని మీద ఎనిమిదిలో కంత. అన్నీ ఒకదాని కింద ఒకటి పడి, పదికి వచ్చేసరికి బావి అయింది. ఆ బావిలోకి తొంగి చూసి మేం పెట్టిన పేరు ‘స్లో లర్నర్’. ఆడలేక మద్దెల ఓడు అనడమంటే ఇదే.

ఇంకా ఒళ్లుమండే సంగతి ఉంది. వీళ్ల కోసం ఏటా స్పెషల్ క్లాసులు పెడతాం కదా, అవి ఎక్కడ మొదలుపెడతాం? మొదటి పాఠం నుంచి. వెనకబడినవాళ్లు కదా, మొదటి నుంచి చెప్పాలి అని! వాస్తవ సంఖ్యలు, బహుపదులు, సమీకరణాలు. వాళ్లకు వచ్చినవే మళ్లీ. నెలలు గడిచి పుస్తకం చివరికి వచ్చేసరికి మళ్లీ జనవరి, మళ్లీ మిర్చి. వచ్చిన పాఠం మూడుసార్లు విన్నారు, రాని పాఠం ఒక్కసారీ వినలేదు. ఎన్నేళ్లు స్పెషల్ క్లాసు చెప్పినా గొర్రె తోక బెత్తెడే. పైగా “పిల్లలకు ఇంట్రెస్ట్ లేదు, ఎంగేజ్‌మెంట్ లేదు” అని మేమే గొణుక్కుంటాం. వచ్చిందే మళ్లీ మళ్లీ చెబితే ఎవరికి ఇంట్రెస్ట్ ఉంటుంది? నాకే ట్రైనింగ్‌లో రెండో రోజు నిద్రొచ్చింది.

మాది వైరా దగ్గర రైతు కుటుంబం. మా అన్నయ్య మిర్చే వేస్తాడు. ఆ ఆదివారం ఫోన్‌లో ఈ సంగతంతా చెబితే “అందరి చేలల్లో అట్లనే వస్తరమ్మా, పిల్లల్ని మేం పిలుస్తమా ఏంది” అన్నాడు. ఎవరూ పిలవరు. ఎవరూ వద్దనరు. పచ్చడి మాత్రం అందరి ఇళ్లలోనూ ఎర్రగా ఉంటుంది.

సోమవారం నుంచి నేను పని తిప్పేశాను. మామూలు క్లాసులో యాన్యువల్ ప్లాన్ ప్రకారమే చెప్పాను, దసరా పరీక్ష అందులోంచే వస్తుంది కాబట్టి. సాయంత్రం స్పెషల్ క్లాసు మాత్రం పుస్తకం వెనక నుంచి. అదీ పదో తరగతి పాఠంతో కాదు, ఆరో తరగతి వైశాల్యంతో. వరండా నేల మీద సుద్దతో గళ్లు గీయించాను. చుట్టూ నడిస్తే చుట్టుకొలత, లోపల ఎన్ని గళ్లు పడితే అంత వైశాల్యం.

సారక్క గళ్లు లెక్కపెట్టి లేచి, “అంటే కల్లంల మిర్చి ఆరబోస్తే ఎంత జాగ పడ్తదో గదేనా మేడం?” అంది.

“గదే” అన్నాను. పాఠాన్ని ఎత్తుకుపోయిన మిర్చే ఇప్పుడు ఉదాహరణ ఇచ్చిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అందరికీ వచ్చేదాకా ముందుకు పోలేదు. రోజూ చివర్లో రెండు చిన్న లెక్కలు ఇచ్చేదాన్ని. మార్కుల్లేవు, వచ్చిందా రాలేదా అంతే. రాకపోతే మర్నాడు అదే పాఠం, ఇంకో రకంగా. ముందు గళ్లు, తర్వాత తాడుతో కొలత, తర్వాత బొమ్మ, చివరికి సూత్రం. అర్థమైన పిల్లలు అర్థం కానివాళ్లకు కోయ భాషలో చెప్పేవాళ్లు. నాకు ఆ భాష రాదు. వాళ్ల చేతులు నేల మీద ఎలా కదులుతున్నాయో చూస్తే సరిగా చెబుతున్నారో లేదో తెలిసిపోయేది. నెల తిరిగేసరికి పక్కనున్న నీళ్ల ట్యాంకు దగ్గరికి చేరాం. స్థూపం ఘనపరిమాణం. తాడు వేసి ట్యాంకు చుట్టుకొలత తీసి, అందులోంచి వ్యాసార్థం లాగి, ఎత్తు కొలిచి, ఎన్ని లీటర్లు పడుతుందో తేలుస్తున్నారు.

సరిగ్గా ఆరోజే మండలం నుంచి పర్యవేక్షణకు ఒక అధికారి వచ్చాడు. చేతిలో గళ్లగళ్ల ఫారం. పిల్లలు ట్యాంకు చుట్టూ గుమిగూడి గుసగుసగా మాట్లాడుకుంటున్నారు.

“ఎన్నో చాప్టర్ మేడమ్ ఇది?”

“క్షేత్రమితి సార్. చివర్లోది.”

“ఇప్పుడేంటి? ప్లాన్‌లో ఇది జనవరి కదా!”

“జనవరిలో వీళ్లుండరు సార్.”

“ఎక్కడికి పోతారు?”

“మీ ఇంటికీ మా ఇంటికీ వచ్చే కారం ఏరడానికి.”

ఆయన ముఖం మాడింది. సారక్క వైపు తిరిగి “ఏం పాపా, దీని ఘనపరిమాణం సూత్రం చెప్పు” అన్నాడు గట్టిగా. సారక్క తల దించుకుంది. ఆయన ఫారం మీద రాసుకుంటూ, “చేతులెత్తట్లేదు, జవాబు చెప్పట్లేదు. ఎంగేజ్‌మెంట్ తక్కువ” అన్నాడు.

“సార్, మొన్న పాల్వంచలో మూడు రోజులు మేమూ చెయ్యెత్తలేదు. మాకేమీ రాలేదని రాశారా ఎవరన్నా?” అన్నాను. నా గొంతు ఆఫీసు గది దాకా వినబడింది. హెచ్.ఎం. సారు చెప్పులు కూడా వేసుకోకుండా బయటికొచ్చారు.

అధికారి వెళ్లిపోయాక సారక్క నా దగ్గరికొచ్చింది. “మేడం, గది నాకొచ్చు. గా సారు కొత్తాయన గదా, నోరు రాలే” అంటూ ట్యాంకు ఎన్ని లీటర్లో చెప్పింది. సరిగ్గా చెప్పింది. నాకు ఆ అధికారి బండి వెనక పరుగెత్తి పిలవాలనిపించింది. హెచ్.ఎం. సారు మాత్రం “మీరు అట్ల మాట్లాడితే నాకు మెమో వస్తది మేడమ్, దసరా పరీక్ష చూసుకోండి” అన్నారు.

దసరా పరీక్షలో సారక్క పాసయింది. గొప్ప మార్కులు కావు. అవన్నీ మొదటి సగం పాఠాలు, మూడుసార్లు విన్నవి. హెచ్.ఎం. సారు పేపరు తిప్పి తిప్పి చూసి, రిజిస్టర్‌లో పేరు ఉంచారు. సి బ్యాచ్ సాయంత్రాలు నడిచాయి. డిసెంబరు అయ్యేసరికి చివరి పాఠాల్లో వాళ్లకు రాని మెట్టు ఒకటీ అరా మిగిలింది.

జనవరిలో ముత్తమ్మ వచ్చింది, ముఠా పోతోందని చెప్పడానికి. నాకు తిక్క రేగింది. “పదో తరగతి పిల్లను తీసుకుపోతవా? ఇన్నాళ్లు పడ్డ కష్టమంతా ఏమైపోవాలె?” అని గట్టిగా అరిచాను.

ఆమె అంతకంటే గట్టిగానే అంది: “గూడెంల ముసలోళ్లు తప్ప ఎవరుండరు మేడం. ఆడపొల్లను ఒక్కదాన్ని గుడిసెల పెట్టి పొమ్మంటరా? మీకైతే మనసొప్పుతదా? హాస్టల్ల జాగ అడిగితె లేదన్నరు.”

అడవి అంచున ఒక తల్లిని ఈ స్థితిలో పెట్టినవాళ్లను అడగాల్సిన మాట అది. “పుస్తకం తీసుకపో సారక్కా” అన్నాను. “సంచిలనే ఉంది మేడం” అంది.

జనవరిలో యాన్యువల్ ప్లాన్ ప్రకారం క్లాసులో క్షేత్రమితి చెప్పాను. సి బ్యాచ్ బెంచీలు ఖాళీగా ఉన్నాయి. ఎన్నేళ్లుగా ఈ ఖాళీ బెంచీలకే టీచర్లం వైశాల్యం చెబుతున్నామో! ఈసారి ఒక్కటే తేడా. ఆ బెంచీల మీద కూర్చోవలసినవాళ్లకు ఈ పాఠం వచ్చు.

హాల్‌టికెట్లు ఇచ్చే వేళకు సారక్క తిరిగొచ్చింది. వేళ్లు మిర్చి ఘాటుకు పొట్టు లేచి ఉన్నాయి. పరీక్షలు రాసింది. పాసయింది. లెక్కల్లో ఎ బ్యాచ్‌లో కొందరికంటే మంచి గ్రేడు. సి బ్యాచ్ మొత్తం గట్టెక్కింది. బడి గేటు మీద ‘హండ్రెడ్ పర్సెంట్’ ఫ్లెక్సీ కట్టారు. అందులో హెచ్.ఎం. సారు ఫొటో పెద్దది, పిల్లలవి చిన్నవి. సారక్క ఫొటో కూడా ఉంది. బుర్ర లేదని పంపించబోయిన పిల్ల ముఖం గేటు మీద చూసి నాకు సంతోషం వేయలేదు. ఆ ఫ్లెక్సీలో లేని ముఖాలు కళ్లముందు ఆడాయి. ఇన్నేళ్లలో ఓపెన్ స్కూల్ పేరుతో బయటికి పోయినవాళ్లు, పేర్లు కూడా నాకు తెలియనివాళ్లు.

“సార్, కింది తరగతులకు కూడా వైశాల్యం వానాకాలంలో పెడదాం. రెండు పాఠాలు అటూ ఇటూ మార్చడమే కదా” అన్నాను.

“ప్లాన్ పైనుంచి వస్తది మేడమ్. మన చేతిల లేదు” అన్నారు హెచ్.ఎం. సారు. మిరపచేను ఎర్రబడటం ఎలాగూ ఎవరి చేతిలోనూ లేదు. కాగితం మీది నెల కూడా ఎవరి చేతిలోనూ లేదట!

సారక్క నాకు నేర్పింది చిన్న సంగతే. పిల్లకు ఏం రాదో కనుక్కోవడానికి మాకు వంద పరీక్షలున్నాయి. ఆ పాఠం చెప్పిననాడు ఆ పిల్ల ఎక్కడుందో అడగడానికి ఒక్కటీ లేదు. మాస్టరీ లెర్నింగ్ అన్నా, స్కాఫోల్డింగ్ అన్నా, ముందు పిల్ల మన ఎదురుగా ఉండే రోజున పాఠం చెప్పాలి. ఇది తెలియడానికి ట్రైనింగ్ అక్కర్లేదు. అయినా ఇన్నేళ్లు ఎవరికీ తట్టలేదు, అదీ నాకు మండేది.

జూన్‌లో సారక్క ఇంటర్‌లో చేరడానికి టి.సి. కోసం వచ్చింది. వెంట చెల్లెలు, ఆరో తరగతిలో చేర్పించడానికి. చిన్నది అక్క చున్నీ పట్టుకుని నిలబడింది.

కాగితాలు తీసుకున్నాక సారక్క వెళ్లలేదు. “మేడం, ఒకటడగనా?” అంది.

“అడుగు.”

“మా చెల్లెకు వైశాల్యం ఎప్పుడు చెప్తరు?”

నా వెనక గోడకు కొత్త యాన్యువల్ ప్లాన్ వేలాడుతోంది. ఆరో తరగతి, వైశాల్యం, జనవరి. ఆ తరగతి నాది కాదు. పక్క కుర్చీలో హెచ్.ఎం. సారు తలెత్తి నా వైపు చూశారు.

“వచ్చే నెల్లనే చెప్తనే” అన్నాను. “నేనే చెప్తా.”

ఆయన్ని అడగలేదు.